వ్యాపార లైసెన్సు: ఎదురుగా లేని మూడో మనిషి

సభకు నమస్కారం. కొత్తగా దుకాణమో, వర్క్‌షాపో, క్లినిక్కో, శిక్షణ కేంద్రమో తెరవాలనుకుని స్థానిక సంస్థ మెట్లు ఎక్కబోతున్నవారు ఈ సభలో ఉన్నారు. ఆ మెట్ల పైన కూర్చుని దరఖాస్తులు పరిశీలించేవారూ ఉన్నారు. మామూలుగా ఈ ఇద్దరికీ విడివిడిగా తరగతులు పెడతారు. ఒకరికి ఫారం నింపే పద్ధతి చెబుతారు, మరొకరికి నిబంధనలు అమలుచేసే పద్ధతి చెబుతారు. ఇద్దరినీ ఒకే చోట కూర్చోబెట్టినందుకు నిర్వాహకులకు కృతజ్ఞతలు, ఎందుకంటే నేను చెప్పదలచుకున్నది ఇద్దరికీ వర్తించే ఒకే విషయం. వ్యాపార లైసెన్సు పైకి వ్యాపారికీ అధికారికీ మధ్య జరిగే వ్యవహారంలా కనిపిస్తుంది. అసలు అది పుట్టింది ఆ గదిలో లేని మూడో మనిషి కోసం. గోడకు అవతల నిద్రపోయేవారు, వంటగది ఎలా ఉందో చూడకుండానే బల్ల ముందు కూర్చునేవారు, మంట లేస్తే తలుపు ఎటు ఉందో తెలియనివారు, వీళ్లే ఆ మూడో మనిషి. ఒక షరతు వల్ల ఆ మనిషికి ఏం మేలు జరుగుతుందో చెప్పలేకపోతే ఆ షరతును తీసేయాలి. ఏ షరతు మీద ఆ మనిషి ప్రాణం ఆధారపడి ఉందో ఆ షరతును కాగితం మీద రాసి ఊరుకోకూడదు.

ముందుగా ఆచరణలో ఎదురయ్యే ఒక గందరగోళాన్ని తొలగించుకుందాం. కంపెనీ రిజిస్టర్ అయింది, పన్నుల శాఖ నంబరు ఇచ్చింది, వృత్తి మండలిలో పేరు నమోదైంది, కాబట్టి ఇక తాళం తీయవచ్చని చాలామంది అనుకుంటారు. పై ప్రభుత్వాలు సంస్థ ఎవరిది, దాని పన్ను లెక్క ఏమిటి, ఆ వృత్తి చేయడానికి అర్హత ఉందా అన్నవి చూస్తాయి. స్థానిక ప్రభుత్వం అడిగే ప్రశ్న వేరు. ఈ చోట, ఈ పని, ఈ వేళల్లో, ఈ ఇళ్ల మధ్య జరగవచ్చా అని అది అడుగుతుంది. పొగ, చప్పుడు, మురుగు, రద్దీ, మంట అన్నీ ఒక వీధిలో, ఒక గోడ పక్కన సంభవించేవే కాబట్టి వాటి లెక్క ఆ వీధికి దగ్గరగా ఉన్న ప్రభుత్వమే చూడాలన్న ఆలోచన చాలా దేశాల్లో కనిపిస్తుంది.

అందువల్ల స్థానిక లైసెన్సును చేతిలోకి తీసుకున్నప్పుడు, అది దేనికి కట్టుబడి ఉందో మొదట చూడాలి. కొన్ని అనుమతులు చోటుకు చెందుతాయి. ఆ భవనం ఆ పనికి తగినదని, ఆ స్థలం వాణిజ్య వినియోగానికి కేటాయించినదని అవి చెబుతాయి. కొన్ని మనిషికి చెందుతాయి, అంటే ఆ వ్యక్తి తగినవాడని పరిశీలించి ఇచ్చినవి. మరికొన్ని పనికి చెందుతాయి. రసాయనాలు నిల్వ చేయడం, జనాన్ని పెద్ద సంఖ్యలో ఒకచోట చేర్చడం, రాత్రి పొద్దుపోయేదాకా సంగీతం వినిపించడం వంటివి ఎవరు చేసినా, ఎక్కడ చేసినా వాటికి విడిగా అనుమతి కావాలి. నడుస్తున్న వ్యాపారాన్ని కొనుక్కున్నవారు పాత యజమాని గోడకు తగిలించిన లైసెన్సు తమకూ పనికొస్తుందని నమ్మి ఇబ్బంది పడటానికి కారణం ఈ తేడా తెలియకపోవడమే. మనిషికి ఇచ్చిన అనుమతి అమ్మకంతో చేతులు మారదు. చోటుకు ఇచ్చినదైనా, పేరు మార్పిడికి దరఖాస్తు పెట్టి ఆమోదం పొందేవరకు చాలా చోట్ల చెల్లదు.

దరఖాస్తుదారులకు నేను ఇచ్చే సలహాల్లో అన్నిటికంటే ముందుండేది కూడా ఇక్కడి నుంచే పుడుతుంది. అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టి, అడ్వాన్సు ఇచ్చి, లోపల మార్పులన్నీ చేయించి, బోర్డు కూడా రాయించాక లైసెన్సు సంగతి ఆలోచించేవారు చాలామంది. ఈ వరస తలకిందులైనది. ఆ స్థలానికి నిర్దేశించిన భూవినియోగం ఏమిటి, ఆ భవనానికి నివాసయోగ్యతా పత్రం ఏ ఉపయోగం కోసం ఇచ్చారు, గతంలో అక్కడ అనుమతి లేకుండా అదనపు నిర్మాణం జరిగిందా అన్న మూడు విషయాలను సంతకానికి ముందే స్థానిక సంస్థ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. ఇల్లుగా అనుమతి పొందిన భవనంలో గోదాము పెడితే, మిగిలిన కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా ఫైలు అక్కడే ఆగుతుంది. అప్పటికి అద్దె నడుస్తూ ఉంటుంది, అప్పు మీద వడ్డీ పెరుగుతూ ఉంటుంది, వ్యాపారి నిస్సహాయంగా దళారి దగ్గరికి వెళతాడు. తనిఖీలో తేలే చాలా అక్రమాలకు మొదలు ఈ నిస్సహాయతలోనే ఉందని నా అభిప్రాయం. లైసెన్సు వస్తేనే ఒప్పందం అమల్లోకి వస్తుందన్న ఒక షరతును అద్దె పత్రంలో రాయించుకుంటే ఈ చిక్కు మొదట్లోనే తప్పుతుంది.

ఇప్పుడు కొంచెం వెనక్కి వెళ్దాం. ఊళ్లో పని చేసుకోవడానికి ఎవరి అనుమతి కావాలన్న వివాదం చాలా పాతది. ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణంలో దర్జీల సంఘం ఒక నియమం పెట్టుకుంది. ఎవరైనా ఆ పట్టణంలో దర్జీ పని చేయాలంటే ముందుగా సంఘం పెద్దల ముందు హాజరై, ఏడేళ్లు శిష్యరికం చేసినట్టు రుజువు చూపాలి. 1614లో న్యాయస్థానం ఆ నియమాన్ని కొట్టివేసింది. చట్టబద్ధమైన పని చేసుకోకుండా మనిషిని ఆపే అధికారం ఆ సంఘానికి లేదన్నది తీర్పు సారాంశం. అక్కడ అనుమతి ఇచ్చేవారే పోటీదారులు కూడా. ఇప్పటికీ ఏ లైసెన్సు నియమాన్ని చూసినా నేను మొదట వేసుకునే ప్రశ్న అదే: దీనివల్ల కొనుగోలుదారుడికి రక్షణ దొరుకుతోందా, లేక ముందే దుకాణం తెరిచినవారికి కొత్తవారి నుంచి రక్షణ దొరుకుతోందా?

ఫ్రాన్సులో విప్లవకాలంలో, 1791 మార్చిలో, వృత్తి సంఘాల గుత్తాధికారాన్ని రద్దుచేస్తూ ఒక శాసనం వచ్చింది. ఎవరైనా తమకు నచ్చిన వ్యాపారం చేసుకోవచ్చని ప్రకటించిన ఆ శాసనమే, అందుకు ఒక వ్యాపార పత్రం తీసుకుని రుసుము కట్టాలని, పోలీసు నిబంధనలకు లోబడాలని కూడా చెప్పింది. వ్యాపార స్వేచ్ఛా లైసెన్సూ ఒకదానికొకటి శత్రువులని వాదించేవారు ఈ శాసనాన్ని గుర్తుంచుకోవాలి. అవి ఒకే రోజున, ఒకే కాగితం మీద కలిసి వచ్చాయి. అక్కడే 1810 అక్టోబరులో నెపోలియన్ మరో శాసనం చేశాడు. దుర్వాసన, పొగ, ప్రమాదం కలిగించే కర్మాగారాలను అది మూడు తరగతులుగా విభజించింది. మొదటి తరగతివి ఇళ్లకు దూరంగా ఉండాలి. రెండో తరగతివి దూరంగా ఉండనవసరం లేదు కానీ, పొరుగువారికి ఇబ్బంది కలగదని తేల్చుకున్న తర్వాతే వాటికి అనుమతి ఇవ్వాలి. మూడో తరగతివి ఇళ్ల మధ్య ఉండవచ్చు కానీ నిఘా కింద ఉండాలి. ప్రమాదాన్ని బట్టి వర్గీకరించి, ప్రమాదానికి తగినంత మాత్రమే నియంత్రించాలన్న మాటను ఈ రోజు కొత్త సంస్కరణగా చెబుతున్నాం. రెండు వందల ఏళ్ల క్రితమే చట్టంలో రాసిన ఆలోచన అది. పుస్తకాలు కుట్టే చిన్న గదికీ బాణసంచా గోదాముకీ ఒకే ఫారం, ఒకే వరస తనిఖీలు పెట్టే స్థానిక సంస్థ ఆ పాత శాసనం కంటే కూడా వెనకబడి ఉందన్నమాట.

ఇక్కడ నేను ఎక్కువ సమయం తీసుకోదలచుకున్న ఒక కేసు ఉంది. లైసెన్సు అధికారంలో ఉన్న అసలు ప్రమాదం దానిలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించదు. 1880లో శాన్ ఫ్రాన్సిస్కో నగర పాలకులు బట్టలు ఉతికే దుకాణాల మీద ఒక నియమం చేశారు. ఇటుకతో గాని రాతితో గాని కట్టిన భవనంలో దుకాణం ఉంటే సరే, చెక్క భవనంలో ఉంటే మాత్రం పాలకమండలి సమ్మతి తీసుకోవాలి. నీళ్లు కాచే పొయ్యిలు, ఇస్త్రీకి నిప్పు, చెక్క గోడలు ఉన్నచోట మంటల భయం ఉంటుంది కాబట్టి నియమాన్ని చదివినవారికి అది సమంజసంగానే తోస్తుంది. అప్పుడు నగరంలో సుమారు 320 దుకాణాలు ఉన్నాయి, వాటిలో దాదాపు 310 చెక్క భవనాల్లోనే ఉన్నాయి. సుమారు 240 దుకాణాలు చైనా నుంచి వచ్చినవారివి. అంటే ఆ నియమంతో నగరంలోని దాదాపు ప్రతి దుకాణం భవితవ్యమూ పాలకమండలి చేతిలోకి వెళ్లింది. ఏ భవనానికి సమ్మతి ఇవ్వాలి, దేనికి నిరాకరించాలి అన్నదానికి ఆ నియమంలో ఒక్క కొలమానమూ లేదు.

యిక్ వో పేరుతో నడిచిన దుకాణం యజమాని ఇరవై రెండేళ్లుగా అదే భవనంలో పని చేస్తున్నాడు. అగ్నిమాపక పర్యవేక్షకులు 1884లో, ఆరోగ్యాధికారి 1885లో ఆ దుకాణాన్ని పరిశీలించి సక్రమంగా ఉందని పత్రాలు ఇచ్చారు. పొయ్యి క్షేమంగా ఉంది, మురుగు సరిగ్గా పోతోంది. అయినా పాలకమండలి సమ్మతి ఇవ్వలేదు. పని ఆపనందుకు జరిమానా వేశారు, కట్టకపోతే జైల్లో పెట్టారు. ఆయన ఒక్కడికే కాదు, దరఖాస్తు పెట్టుకున్న రెండు వందల మంది చైనీయులకూ నిరాకరణే ఎదురైంది. అదే రకం చెక్క భవనాల్లో పని చేస్తున్న ఇతరులలో సుమారు ఎనభై మందికి, ఒక్కరికి తప్ప, అనుమతి దొరికింది. 1886 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయనను విడుదల చేయమని చెప్పింది. చట్టం అక్షరాల్లో అందరికీ సమానంగా కనిపించినా, దాన్ని అమలు చేసే చేయి పక్షపాతంతో కదిలితే అది సమాన రక్షణను నిరాకరించడమేనని ఆ తీర్పు తేల్చింది.

మంటల భయం నిజమైనది కాబట్టే ఆ పక్షపాతం అంత సులువుగా దాక్కోగలిగింది. మూడో మనిషి రక్షణ పేరు చెప్పి, దరఖాస్తు పెట్టుకున్న వ్యాపారిని తొక్కిపెట్టడానికి లైసెన్సు ఎంత బాగా పనికొస్తుందో ఆ కేసు చూపించింది. కొలమానం రాసి ఉంటే, ఉదాహరణకు పొయ్యికీ గోడకూ మధ్య ఇంత దూరం ఉండాలని, పైకప్పుకు ఈ రకం రేకు ఉండాలని రాసి ఉంటే, ఆ రెండు వందల మందిలో ప్రతి ఒక్కరూ తన దుకాణాన్ని కొలిచి చూపించగలిగేవారు. సమ్మతి అన్న ఒక్క మాట మాత్రమే రాసి ఉంచితే కొలవడానికి ఏమీ ఉండదు. అధికారులుగా కూర్చున్న మిత్రులకు నా మనవి ఏమిటంటే, మీ నిబంధనల్లో ‘తగిన’, ‘సంతృప్తికరమైన’, ‘అవసరమని భావిస్తే’ అన్న మాటలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి. అవన్నీ తప్పని నేను అనను, ఎందుకంటే ప్రతి పరిస్థితినీ ముందే ఊహించి రాయడం సాధ్యం కాదు. వాటి పక్కన కొలమానం లేకపోతే మాత్రం, మీరు ఎంత నిజాయితీపరులైనా మీ తర్వాత ఆ కుర్చీలో కూర్చునేవారికి మీరు ఒక ఆయుధాన్ని అప్పగించి వెళుతున్నట్టే.

భారతదేశంలో రాజ్యాంగం అమల్లోకి వచ్చిన 1950లోనే ఇటువంటి ప్రశ్న సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. కైరానా పురపాలక మండలి కూరగాయల టోకు వ్యాపారాన్ని ఒకే వ్యక్తికి అప్పగించి, మరొక వ్యాపారి లైసెన్సు అడిగితే ఇవ్వలేదు. లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదని ఉపనిబంధన ఉంది కానీ, లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఏ ఉపనిబంధనలోనూ లేదు. అంటే నియంత్రణ పేరుతో పూర్తి నిషేధం నడుస్తోంది. వృత్తి వ్యాపారాలు చేసుకునే స్వేచ్ఛను ఇచ్చిన 19(1)(జి) అధికరణానికి, సమంజసమైన పరిమితులను మాత్రమే అనుమతించే 19(6) అధికరణానికి అది విరుద్ధమని కోర్టు తీర్పు చెప్పింది. రెండేళ్ల తర్వాత జలాలాబాద్ పట్టణ కమిటీ కేసులో, చట్టం అధికారం ఇవ్వని రుసుమును వసూలు చేయడం కూడా ఆ స్వేచ్ఛకు భంగమేనని అదే కోర్టు చెప్పింది. మీ ఊరి లైసెన్సు నియమం ఏ చట్టంలోని ఏ సెక్షను కింద వచ్చిందని అడిగే హక్కు దరఖాస్తుదారుడికి ఉంది. ఆ ప్రశ్నను ధిక్కారంగా తీసుకోకూడదు.

కొలమానాలను చట్టంలోనే రాయడం ఎలా ఉంటుందో చూడాలంటే ఇంగ్లండు, వేల్స్‌లకు వర్తించే 2003 లైసెన్సింగ్ చట్టం మంచి నమూనా. మద్యం అమ్మకం, వినోద కార్యక్రమాల అనుమతులను అది ఒకచోటికి చేర్చింది. అంతకుముందు మెజిస్ట్రేట్ల దగ్గరున్న మద్యం అనుమతుల అధికారం స్థానిక కౌన్సిళ్లకు వచ్చింది. నేరాలను, అల్లర్లను నివారించడం, ప్రజల భద్రత, చుట్టుపక్కలవారికి ఇబ్బంది కలగకుండా చూడటం, పిల్లలను హాని నుంచి కాపాడటం అని నాలుగు లక్ష్యాలను చట్టం నిర్దేశించింది. అభ్యంతరం చెప్పేవారు ఈ నాలుగింటిలో దేనికి భంగం కలుగుతుందో చూపించాలి. ఆ వీధిలో ఇప్పటికే ఒక దుకాణం ఉంది, దాని వ్యాపారం దెబ్బతింటుందన్న అభ్యంతరానికి అక్కడ చోటు లేదు. ఆ చట్టం కింద నాకు బాగా నచ్చిన ఏర్పాటు మరొకటి ఉంది. కొత్త అనుమతికి దరఖాస్తు పెట్టినవారు లేత నీలం రంగు కాగితం మీద నోటీసు రాసి, దారిన పోయేవారు చదవగలిగేలా ఆ భవనం ముందు ఇరవై ఎనిమిది రోజులు అంటించి ఉంచాలి. గోడకు అవతల నిద్రపోయే మనిషికి విషయం తెలిసేది అలాగే. ఆయనకు తెలియకుండా ఆయన రక్షణ గురించి నిర్ణయం జరగడం సరికాదు కదా.

ఇక కాలం సంగతి. పెరూ ఆర్థికవేత్త హెర్నాండో డి సోటో బృందం 1983లో లిమా నగర శివార్లలో ఒక చిన్న బట్టలు కుట్టే కార్ఖానాను చట్టప్రకారం నమోదు చేయించడానికి ప్రయత్నించింది. ముడుపులు ఇవ్వకుండా, పలుకుబడి వాడకుండా, సామాన్యుడు తిరిగినట్టే కార్యాలయాల చుట్టూ తిరిగితే ఎంత కాలం పడుతుందో చూడటమే ఉద్దేశం. 289 రోజులు పట్టింది. పదిసార్లు లంచం అడిగారు, రెండుసార్లు ఇవ్వకపోతే పని ముందుకు సాగే దారే లేక ఇవ్వవలసి వచ్చింది. అందులో జాతీయ కార్యాలయాలూ స్థానిక కార్యాలయాలూ రెండూ ఉన్నాయి. అంతకాలం వేచి ఉండగలిగిన చిన్న వ్యాపారి ఎక్కడుంటాడు? ఆయన లైసెన్సు లేకుండానే పని మొదలుపెడతాడు. మొదలుపెట్టాక తనిఖీకి భయపడి తలుపులు మూసుకుని పని చేయిస్తాడు. కార్మికులను కాపాడవలసిన నియమమే వారిని మూసిన తలుపుల వెనక్కి నెడుతుంది.

ఆలస్యానికి మందుగా చాలా ప్రభుత్వాలు గడువు దాటితే అనుమతి ఇచ్చినట్టే భావించే పద్ధతిని తెచ్చాయి. ఐరోపా సమాఖ్య 2006లో చేసిన సేవల ఆదేశంలో ఆ సూత్రం ఉంది. అనుమతి షరతులు స్పష్టంగా, నిష్పాక్షికంగా, ముందే ప్రకటించినవిగా ఉండాలని చెబుతూ, నిర్ణీత గడువులో జవాబు రాకపోతే అనుమతి లభించినట్టేనని అది నిర్దేశించింది. అయితే ప్రజాప్రయోజనం దృష్ట్యా, ఇతరుల న్యాయమైన హితం దృష్ట్యా వేరే ఏర్పాటు చేసుకునే వీలునూ ఉంచింది. ఈ మినహాయింపు సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. తక్కువ ప్రమాదం ఉన్న పనులకు మౌనం అంగీకారమే కావాలి. వందలమంది చేరే హాలుకో, మండే పదార్థాల గోదాముకో అధికారి మౌనాన్ని అనుమతిగా లెక్కిస్తే, ఆలస్యం చేసింది కార్యాలయం, దాని ఫలితం అనుభవించేది లోపల ఉన్న జనం అవుతారు. అటువంటి చోట గడువు దాటితే ఫైలు పై అధికారికి తనంతట తానే వెళ్లాలి, ఆలస్యానికి కారణం రాతలో నమోదు కావాలి. ఇంకొక సంగతి. గడువు ఎప్పటి నుంచి లెక్కపెట్టాలో చట్టంలో స్పష్టంగా లేకపోతే, గడువు ముగియడానికి ఒక రోజు ముందు ఒక కొర్రీ వేసి గడియారాన్ని మళ్లీ మొదటికి తిప్పే అలవాటు ఏర్పడుతుంది. లోపాలన్నీ ఒకేసారి, మొదటి వారంలోనే చెప్పాలన్న నియమం లేకుండా గడువు పెట్టడం వల్ల పెద్దగా ప్రయోజనం ఉండదు.

రుసుముల గురించి క్లుప్తంగా చెబుతాను. లైసెన్సు రుసుము దరఖాస్తును పరిశీలించడానికి, తనిఖీ చేయడానికి అయ్యే ఖర్చును రాబట్టుకోవడానికా, లేక స్థానిక సంస్థ ఖజానా నింపుకోవడానికా? లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఒక ప్రత్యేక తరహా దుకాణాలకు వేసిన భారీ రుసుములో, దరఖాస్తు పరిశీలనకు అయ్యే ఖర్చు చిన్న భాగమే. మిగిలినదంతా లైసెన్సు లేనివారిని పట్టుకునే అమలు ఖర్చు. దరఖాస్తు దశలోనే ఆ రెండో భాగాన్ని కూడా కట్టించుకోవడం సేవల ఆదేశానికి విరుద్ధమని, నిరాకరించినప్పుడు తిరిగి ఇచ్చినా కూడా అది చెల్లదని, బ్రిటన్ ఇంకా ఐరోపా సమాఖ్యలో ఉన్న 2016లో, ఐరోపా న్యాయస్థానం చెప్పింది. రుసుము లెక్క ఎలా వేశారో బయటపెడితే సగం వివాదాలు పుట్టనే పుట్టవు. రుసుము మీద ఆదాయం కోసం ఆధారపడే స్థానిక సంస్థ నిరాకరించవలసిన చోట కూడా నిరాకరించలేకపోతుందన్నది నాకున్న మరో భయం.

ఇప్పటిదాకా లైసెన్సు ఇచ్చే ఘట్టం గురించే మాట్లాడాను. ఇచ్చిన తర్వాత సంగతి ఇంకా ముఖ్యమైనది. 1942 నవంబరు 28 రాత్రి బోస్టన్‌లోని కోకోనట్ గ్రోవ్ అనే క్లబ్బులో మంటలు లేచి 492 మంది చనిపోయారు. ప్రధాన ద్వారం గుండ్రంగా తిరిగే తలుపు. జనం ఒక్కసారిగా మీద పడటంతో అది బిగుసుకుపోయింది. మరికొన్ని తలుపులకు తాళాలు వేసి ఉన్నాయి, కొన్ని లోపలికి మాత్రమే తెరుచుకునేవి. ఆ ప్రమాదానికి ఎనిమిది రోజుల ముందే అగ్నిమాపక శాఖ తనిఖీ జరిగింది, అంతా బాగుందని నివేదిక రాశారు. డెబ్బై ఏళ్ల తర్వాత, 2013 జనవరి 27న, బ్రెజిల్‌లోని శాంతా మరియా పట్టణంలో కిస్ అనే క్లబ్బులో 242 మంది చనిపోయారు. అక్కడ అగ్నిమాపక అనుమతి గడువు 2012 ఆగస్టులోనే ముగిసింది, అయినా తలుపులు తెరిచే ఉన్నాయి. బయటపడటానికి సరైన దారి ఒక్కటే ఉంది. ఒకచోట కాగితం సరిగ్గా ఉంది, మరోచోట కాగితానికి గడువు తీరింది. లోపల ఉన్నవారికి మాత్రం రెండు చోట్లా తలుపు దొరకలేదు.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టడానికి కారణం ఉంది. గడువు తీరిన అనుమతిని పట్టుకునే వ్యవస్థ లేకపోతే లైసెన్సుకు అర్థం లేదని రెండోది చెబుతుంది. ఆ మాట అందరికీ తెలుసు. మొదటిది చెప్పేది అంతకంటే కష్టమైన సంగతి. తనిఖీ జరిగినా, తలుపును స్వయంగా తోసి చూడని తనిఖీ ప్రాణాన్ని కాపాడదు. రెన్యువల్ అంటే రుసుము కట్టి రసీదు తీసుకోవడంగా మారిన చోట, ఏడాది పొడవునా లోపల జరిగిన మార్పులు, అడ్డంగా కట్టిన గోడలు, పెంచిన కుర్చీలు, దారిలో పెట్టిన సరుకు ఎవరి దృష్టికీ రావు. తనిఖీకి వెళ్లేవారి సంఖ్య తక్కువ, దుకాణాల సంఖ్య ఎక్కువ అన్నది ప్రతి స్థానిక సంస్థ చెప్పే మాట. అది నిజమే. అందుకే ప్రమాదం లేని వందల దుకాణాల మీద ఖర్చయ్యే సమయాన్ని విడిపించి, ప్రమాదం ఉన్న పదింటి మీద పెట్టాలి.

పోర్చుగల్ 2011లో చేసిన సంస్కరణ ఇదే దిశలో నడిచింది. అనేక రకాల దుకాణాలకు, ఆహారశాలలకు ముందస్తు లైసెన్సును తొలగించి, వ్యాపారి తన వివరాలను, నియమాలను పాటిస్తానన్న ప్రకటనను ఆన్‌లైన్‌లో తెలియజేస్తే చాలని చెప్పింది. పరిశీలన పని తలుపు తెరిచిన తర్వాతికి మారింది. ఈ పద్ధతి వల్ల బాధ్యత వ్యాపారి భుజాల మీదికి వస్తుందని గ్రహించాలి. స్వీయ ప్రకటనలో అబద్ధం రాసినవారికి పడే శిక్ష, లైసెన్సు లేకుండా నడిపినవారికి పడే శిక్ష కంటే తక్కువగా ఉండకూడదు. తనిఖీ ఫలితాన్ని జనం ముందు పెట్టడం కూడా మంచి పద్ధతి. లాస్ ఏంజెలస్ కౌంటీలో 1998 నుంచి ఆహారశాలల తలుపు దగ్గరే తనిఖీ ఫలితాన్ని ఏ, బి, సి అక్షరాల రూపంలో ప్రదర్శిస్తున్నారు. ఫైలులో ఉండిపోయే నివేదిక ఇలా వీధిలోకి వచ్చి, కొనుగోలుదారుడు దాన్ని చదివి తన నిర్ణయం తానే తీసుకుంటాడు.

తలుపే లేని వ్యాపారుల గురించి కూడా చెప్పాలి. వీధిలో అమ్ముకునేవారికి భవనం ఉండదు, నివాసయోగ్యతా పత్రం ఉండదు, కాబట్టి లైసెన్సు ఫారంలో సగం గళ్లు ఖాళీగా ఉంటాయి. భారత సుప్రీంకోర్టు 1989లో సోదాన్ సింగ్ కేసులో వీధి వ్యాపారం కూడా 19(1)(జి) కిందికి వస్తుందని, దాన్ని నియంత్రించవచ్చని, అయితే అది హక్కేనని చెప్పింది. 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం దానికి రూపం ఇచ్చింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవారై ఉండాలని, వారిలో మూడో వంతు మహిళలు ఉండాలని, అయిదేళ్లకు ఒకసారైనా సర్వే జరగాలని, సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించకూడదని అది చెబుతుంది. నియమం ఎవరి మీద పడుతుందో వారిని నియమం రాసే చోట కూర్చోబెట్టడం లైసెన్సు వ్యవస్థలో చాలా అరుదు. దుకాణదారుల విషయంలోనూ, పొరుగువారి విషయంలోనూ ఇటువంటి కమిటీలు ఎందుకు ఉండకూడదో స్థానిక సంస్థల ప్రతినిధులు ఆలోచించాలి.

చివరగా నిరాకరణ గురించి, మూసివేత గురించి. దరఖాస్తును నిరాకరిస్తే కారణం రాతలో అడగండి. నోటిమాటగా ‘కుదరదు’ అన్న జవాబు మీద అప్పీలు చేయలేరు. నిరాకరణ ఉత్తర్వులో ఏ నియమం, ఏ లోపం, సరిచేసుకునే అవకాశం ఉందా, అప్పీలు ఎవరికి, ఎన్ని రోజుల్లో చేసుకోవాలి అన్నవి ఉండాలి. ఆ ఉత్తర్వు ఎప్పుడు మీ చేతికి అందిందో తేదీ వేసి, కవరుతో సహా దాచుకోండి. అప్పీలు గడువు చాలా చోట్ల చిన్నది, అది ఆ తేదీ నుంచే నడుస్తుంది. అనుమతి ఉన్నవారి మీద చర్య తీసుకునేటప్పుడు ముందుగా షోకాజ్ నోటీసు ఇచ్చి, జవాబు విని, ఆ తర్వాతే రద్దు చేయాలి. ప్రాణాపాయం కళ్ల ముందు ఉన్నప్పుడు వెంటనే మూయించవచ్చు కానీ, అప్పుడు కూడా వినే అవకాశం తర్వాతైనా ఇవ్వాలి. వ్యాపారం మానేసేవారు లైసెన్సును రాతపూర్వకంగా వాపసు చేసి రసీదు తీసుకోండి. అలా చేయకపోతే, తాళం పడిన దుకాణం పేరు మీద రుసుము బకాయి పెరుగుతూనే ఉంటుంది. ఆ చోటులోకి కొత్తగా వచ్చినవారు చేసిన తప్పుకు పాత పేరు మీద నోటీసు వస్తుంది. ఇప్పుడు మీ ప్రశ్నలు అడగండి.